పాపం పుట్టిన సీటు

నారాయణవలసలో ధర్మాచార పర్యవేక్షణ శాఖ అని ఒక జిల్లా కార్యాలయం ఉండేది. గుళ్లూ చర్చిలూ మసీదులూ వేళకి ప్రార్థనలు చేస్తున్నాయా లేదా చూసి, చేస్తున్నాయని పైకి రాయడం దాని పని. చేయకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి, అన్నీ చేస్తున్నాయనే రాసేవారు. అలా రాసే సీటుకి బి-త్రీ అని పేరు. ఆ సీటులో ఇరవై తొమ్మిదేళ్లుగా కూర్చున్నవాడు సీనియర్ అసిస్టెంట్ బోనంగి త్రినాథరావు.

త్రినాథరావుకి దేవుడు ఒడ్డూ పొడుగూ ఇవ్వలేదు, గొంతు ఇవ్వలేదు, నోటు రాసే చెయ్యి మాత్రం ఇచ్చాడు. అతను ఫైల్లో నోటు రాశాడంటే ఆ పని ఎవరు చేశారో, ఎవరు చేయమన్నారో బ్రహ్మదేవుడు దిగివచ్చినా పట్టుకోలేడు. ఒకసారి ఆఫీసు ఆవరణలో కొబ్బరిచెట్టు విరిగి జీపు మీద పడింది. జీపుని అక్కడ పెట్టించింది పై అధికారి. "వృక్షము తన స్థానము నుండి వాహనమున్న దిశకు మారినట్లు తెలియవచ్చుచున్నది" అని రాసి త్రినాథరావు ఆయన్ని గట్టెక్కించాడు. తన చేతి మహిమ తనకి తెలుసు. తెలిసి లోలోపల మురిసేవాడు. అద్దంలో చూసుకున్నప్పుడు మాత్రం, "ఒరే త్రినాథా, నీకు వెన్నెముక పెట్టాల్సిన చోట ఫైలు కట్టే దారం పెట్టాడ్రా దేవుడు" అని తనని తనే వెక్కిరించుకునేవాడు. వెక్కిరింపు అయ్యాక తల దువ్వుకుని ఆఫీసుకి వెళ్లిపోయేవాడు.

ఒక సోమవారం అటెండరు పైడమ్మ తపాలా తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. అందులో సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు ఉంది. పెట్టినవాడు జామి సత్యంనాయుడు, రిటైరైన లెక్కల మేష్టారు. దస్తూరి ముత్యాల్లా ఉంది, సంగతి మాత్రం నిప్పు కణికలా ఉంది.

"అయ్యా, గత శనివారం వేణుగోపాలస్వామి గుడిలో నేను ప్రదక్షిణ చేయుచుండగా పూజారి గారు మంత్రం చెప్పి, నేను పాపినని, పాపం వల్ల పుట్టినవాడినని నా చేత పదిమందిలో పలికించినారు. అర్థం అడిగితే అదే అర్థమన్నారు. నేను మా అమ్మ వల్ల పుట్టినాను. ఆమె జూటుమిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా పోయింది. కావున ఈ క్రింది సమాచారం ఇప్పించగలరు. ఒకటి, సదరు పాపం మొదట ఎప్పుడు, ఎక్కడ, ఎవరి వల్ల పుట్టింది? రెండు, అది నా దాకా ఏ మార్గంలో వచ్చింది? మూడు, పై రెండింటికీ సంబంధించిన రికార్డుల నకళ్లు."

త్రినాథరావు చదివి నవ్వుకున్నాడు. ఇటువంటివాటికి అతని దగ్గర వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "తమరు కోరిన సమాచారము ఈ కార్యాలయములో లేదు" అని రాసి, సంతకం చేయించి పంపించేశాడు. అక్కడే కాలు జారింది.

పదిహేనో రోజున మేష్టారు అప్పీలుతో స్వయంగా వచ్చి కూర్చున్నాడు. అప్పీలు విన్నది డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశం గారు. ఆయన మాట్లాడితే ఎదుటివాళ్లకి రాసుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే వింటే అర్థం కాదు.

"సమాచారం లేదన్నారు కదండీ" అన్నాడు సత్యంనాయుడు. "లేనప్పుడు ఏ ఆధారం మీద నన్ను పాపి అన్నారు? స్కూల్లో పిల్లాడు కాపీ కొట్టాడంటే చీటీ చూపించాలి. చీటీ లేకుండా బెంచీ ఎక్కించకూడదు కదా!"

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడిచారు. "పరిపాలనా దృక్కోణం నుంచి పరిశీలించినట్లయితే, ఆధారరహితమైన ఆరోపణ ఏ పౌరుడి మీదా మా శాఖ పర్యవేక్షణలో జరగడానికి వీల్లేదు. మిస్టర్ త్రినాథరావ్, మూలం నిర్ధారణ అయ్యేవరకూ పాపాన్ని తాత్కాలిక ప్రాతిపదికన మాత్రమే కొనసాగించాలి. సర్క్యులర్ పెట్టండి."

త్రినాథరావు పెట్టాడు. భక్తులెవరూ తమను పాపులుగా చెప్పుకోరాదనీ, "ఆరోపిత పాపిని" అని మాత్రమే చెప్పుకోవచ్చుననీ అన్ని గుళ్లకీ వెళ్లింది. మర్నాడే పూజారి శఠగోపాచార్యులు పరుగున వచ్చాడు.

"బాబూ, మంత్రంలో ఆ ముక్క ఇరికిస్తే ఛందస్సు నడ్డి విరుగుతోంది. పైగా జనం ప్రదక్షిణ మధ్యలో ఆగి, 'ఆరోపణే కదా పంతులుగారూ, రుజువయ్యాక మిగతా రెండు చుట్లూ తిరుగుతాం' అని ప్రసాదం తీసుకుని ఎళ్లిపోతున్నారు!"

దీనికి విరుగుడుగా పరాంకుశం గారు ఫారం ఒకటి ప్రవేశపెట్టారు. పేరు పాప మూల ప్రకటన పత్రం. ప్రదక్షిణ చేయదలచిన ప్రతివాడూ తన పాపం పిత్రార్జితమో, స్వార్జితమో, పూర్వజన్మ నుంచి సంక్రమించిందో టిక్కు పెట్టాలి. పిత్రార్జితమైతే తాతల నాటి నుంచి లింకు డాక్యుమెంట్లు జతపరచాలి. పూర్వజన్మదైతే ఆ జన్మలో నివాసమున్న ఊరి తహసీల్దారు ధ్రువీకరణ కావాలి. చివరి గడిలో "పాపమునకు మూలమైన వ్యక్తి పేరు" అని ఉంది.

మొదటి నెలలో నాలుగు వేల ఫారాలు వచ్చాయి. త్రినాథరావు వాటిని అక్షర క్రమంలో పేర్చాడు. చివరి గడిలో కోడళ్లు అత్తల పేర్లు రాశారు, అత్తలు కోడళ్ల పేర్లు రాశారు, అన్నదమ్ములు ఒకరి పేరు ఒకరు రాసుకున్నారు. ఒకాయన ఎదురింటి కుక్క పేరు రాసి, దాని ఫొటో కూడా అంటించాడు. నాలుగు వేలమందిలో ఒక్కడూ తన పేరు తను రాసుకోలేదు. త్రినాథరావు అది చూసి పడీపడీ నవ్వి, తన ఫారం తీసి చూసుకున్నాడు. చివరి గడిలో రాసింది తన మేనమామ పేరు. నవ్వు ఆగిపోయింది.

ఇంత సమాచారం వచ్చాక కమిటీ వేయకపోతే బావుండదు కదా. పాప మూల నిర్ధారణ కమిటీకి పరాంకుశం గారు అధ్యక్షుడు, త్రినాథరావు కార్యదర్శి. మూడు మతాల పెద్దల్నీ పిలిచి, జీడిపప్పు పకోడీ పెట్టి వాంగ్మూలం తీసుకున్నారు.

శఠగోపాచార్యులు లేచి, "పాపం అనాదండీ. దానికి మొదలు లేదు" అన్నాడు.

"తేదీ చెరిగిపోయినది అని రాసుకోండి" అన్నారు పరాంకుశం గారు.

పాస్టరు ప్రసన్నం గారు లేచి ఆదాము సంగతి చెప్పాడు. తోట ఉంది, చెట్టు ఉంది, పండు ఉంది, తిన్నవాళ్ల పేర్లున్నాయి, ప్రేరేపించిన పామూ ఉంది. పరాంకుశం గారి ముఖం వికసించింది. "చూశారా మిస్టర్ త్రినాథరావ్, రికార్డంటే ఇలా ఉండాలి! పండు తినమని చెప్పింది ఎవరు అంటే ఆవిడ పేరు, ఆవిడకి చెప్పింది ఎవరంటే పాము. పైనుంచి కిందకి బాధ్యత ఎంత చక్కగా దిగిందో! ఇంతకీ ఆ తోట ఏ మండలం?"

"మన దేశం కాదండీ" అన్నాడు పాస్టరు నొచ్చుకుంటూ.

"అయితే మన పరిధిలోకి రాదు" అని పరాంకుశం గారు పెదవి విరిచారు.

ఇమాం ఖలీలుల్లా సాహెబ్ గడ్డం నిమురుకుని, "అదే ఆదం సంగతి మేమూ చెబుతాం సార్. కానీ ఆయన తప్పు ఒప్పుకున్నాడు, క్షమించమని ఏడ్చాడు, అల్లా క్షమించేశాడు. అక్కడితో అయిపోయింది. ఆ తప్పు పిల్లల మీదకి రాలేదు" అన్నాడు.

"క్షమాపణ ఉత్తర్వు నకలు ఉందా?"

"దిల్‌లో ఉంది సార్."

"నకలు సమర్పించలేదు" అని రాయించారు పరాంకుశం గారు. ముగ్గురు పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, బయటికొచ్చి ఒకే ఆటోలో వెళ్లిపోయారు. వాళ్లలో అంత ఐకమత్యం నారాయణవలస అంతకుముందు చూడలేదు.

కమిటీ నివేదిక రాజధానికి వెళ్లింది. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. "పాపము జిల్లాలో విస్తృతంగా వాడుకలో ఉండగా మూలము జిల్లా వెలుపల ఉన్నదనుట సమంజసముగా లేదు. ఏడు దినములలో జిల్లా స్థాయిలోనే బాధ్యత నిర్ధారించి, బాధ్యులపై చర్య తీసుకొని నివేదించవలెను." అంటే ఎవరో ఒకరు కావాలి.

పరాంకుశం గారు త్రినాథరావుని గదిలోకి పిలిచి తలుపు వేశారు. "ఈ మొత్తం వ్యవహారం ఆఫీసులోకి ఎలా ప్రవేశించింది? దరఖాస్తు రూపంలో. దరఖాస్తుని గుమ్మం దాటించి లోపలికి తెచ్చిందెవరు?"

"పైడమ్మండి. తపాలా ఆవిడే కదండీ తెస్తుంది."

"సో, పాపం ఈ కార్యాలయంలోకి ప్రవేశించిన మార్గం స్పష్టంగానే ఉంది. ఆవిడ మీద పాత రిమార్కు కూడా ఒకటి ఉన్నట్టు గుర్తు. మీరు ఒక నోటు పెట్టండి. డిస్మిస్‌కి సిఫార్సు చేద్దాం. మీ చెయ్యి పడితే ఇక తిరుగుండదు."

"ఆవిడ ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుందండి" అన్నాడు త్రినాథరావు.

"కాబట్టి శాఖకి పెద్దగా నష్టం లేదు" అన్నారు పరాంకుశం గారు.

త్రినాథరావు సీటుకి వచ్చి కాగితం ముందు పెట్టుకున్నాడు. ఆ పాత రిమార్కు ఏమిటో అతనికి చెప్పనక్కర్లేదు. రాసింది తనే. పదకొండేళ్ల కిందట ఒక శుక్రవారం సాయంత్రం, పై అధికారి కంట పడకుండా సిగరెట్టు కాల్చుకుందామని రికార్డు గదిలో దూరి, పొగ పోవడానికి కిటికీ తెరిచాడు. మూయడం మరచి ఇంటికి పోయాడు. శని, ఆదివారాలు కుండపోత. సోమవారానికి నలభై ఏళ్ల రికార్డు ముద్దయి కూర్చుంది. విచారణ నోటు కూడా తన సీటుకే వచ్చింది. "రికార్డు గది తాళము సదరు అటెండరు అధీనములోనే ఉండుట గమనార్హము" అని ఒక్క వాక్యం రాశాడు. అందులో అబద్ధం లేదు. పైడమ్మని నాలుగు నెలలు సస్పెండు చేశారు, రావలసిన ప్రమోషను ఆగిపోయింది. ఆమె ఎదురు మాట్లాడలేదు. భయపడిందనుకున్నాడు. తిరిగి డ్యూటీలో చేరిన రోజున అతనికి టీ తెచ్చి ఇచ్చింది, ఆ రోజు నుంచి రోజూ తెస్తోంది. పదకొండేళ్లు ఆ టీ తాగాడు. ఒక్కరోజు కూడా గొంతులో అడ్డం పడలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

అయినా చెయ్యి అలవాటు కొద్దీ కదిలింది. "తపాలా స్వీకరణ బాధ్యత సదరు అటెండరుకే అప్పగించబడి యుండుట..." దాకా రాసింది. వాక్యం ఎంత బాగా వచ్చిందో చూసి ఒక క్షణం ముచ్చటపడ్డాడు కూడా. తర్వాత, "ఛీ, నీ బతుకు చెడ" అనుకుని కాగితం చింపేసి కొత్తది తీశాడు.

ఈసారి వాక్యాలు పొట్టిగా వచ్చాయి. "రికార్డు గది కిటికీ తెరిచింది నేను. సిగరెట్టు కోసం తెరిచాను. మూయలేదు. నేరం పైడమ్మ మీదకి వెళ్లేలా నోటు రాసింది నేను. ఆమెకి ఏ పాపమూ తెలియదు. పాపం మొదట ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. నాకు తెలిసి పుట్టింది ఇక్కడే, బి-త్రీ సీటులో." తేదీ వేసి, తన సంతకం తను చేసి, తీసుకెళ్లి పరాంకుశం గారి ముందు పెట్టి నిలబడ్డాడు. డిస్మిస్ చేస్తారు, పేపర్లో పడుతుంది, అయినా ఫరవాలేదు అనుకున్నాడు. మోస్తున్నట్టు తనకే తెలియని బరువేదో దిగినట్టయింది.

పరాంకుశం గారు రెండుసార్లు చదివారు. లేచి వచ్చి చెయ్యి కలిపారు.

"ఎక్సలెంట్! తేదీ ఉంది, స్థలం ఉంది, వ్యక్తి ఉన్నాడు, ప్రేరేపణ కూడా ఉంది. వాళ్లకి పండు, మనకి సిగరెట్టు. అన్నిటికీ మించి జిల్లా పరిధిలో ఉంది!"

"అయ్యా, పైడమ్మ మీద వేసిన శిక్ష..."

"అది వేరే ఫైలు. మూసేశాం. మూడేళ్లు దాటిన శిక్షని తిరగదోడరాదని నిబంధన."

"పోనీ, నాకేం శిక్షండి?"

"మీకు శిక్షేమిటి? మీరు నేరస్థుడు కాదు మిస్టర్ త్రినాథరావ్, మీరు మూలం. మూల పత్రాన్ని ఎవరైనా పాడుచేస్తారా? భద్రపరుస్తారు. మీకిక బదిలీ లేదు."

నివేదికని రాజధాని ఆమోదించింది. రిపబ్లిక్ డే నాడు త్రినాథరావుకి శాలువా కప్పి, "పాప మూలము" అని అచ్చువేసిన ప్రశంసాపత్రం ఇచ్చారు. బి-త్రీ సీటు చుట్టూ ఎర్రతాడు కట్టారు. జిల్లాలో పాపం నారాయణవలస బి-త్రీ సీటు మూలంగా సంక్రమించినదని ఇకపై ప్రార్థనల్లో చెప్పుకోవచ్చునని సర్క్యులర్ వెళ్లింది. జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. పాలల్లో నీళ్లేమిటయ్యా అంటే, "ఏటి సేస్తామండీ, బి-త్రీ మూలం" అన్నాడు పాలవాడు. త్రినాథరావు భార్య రవణమ్మ గుడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఊరంతా మీ పేరు చెప్పి పాపాలు వదిలించుకుంటోందండీ. ఊరందరూ అంటూ ఉంటే నేనొక్కదాన్నీ ఊరుకుంటే ఏం బావుంటుందని నేనూ అనేసి వచ్చాను" అంది.

సత్యంనాయుడు జవాబు అందుకుని ఆఫీసుకి వచ్చాడు. "ఇదేం లెక్కయ్యా! నువ్వు సిగరెట్టు కాల్చింది పదకొండేళ్ల కింద. నేను పుట్టి డెబ్బై ఏళ్లయింది. నీ పాపం వల్ల నేనెలా పుట్టాను?"

"ఉత్తర్వు వెనకటి తేదీ నుంచి వర్తిస్తుంది" అన్నారు అటుగా వెళుతున్న పరాంకుశం గారు.

మేష్టారు కాగితం మీది స్టాంపుని వేలితో తడిమి చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "పోన్లే. మొత్తానికి మా అమ్మ కాదని గవర్నమెంటు స్టాంపు వేసి ఇచ్చింది. నాకదే చాలు" అని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వచ్చినవాడికి ఏదో ఒకటి ఇచ్చి పంపిన కేసు తన సర్వీసులో ఇదొక్కటేనని త్రినాథరావుకి అనిపించింది.

ఆ మధ్యాహ్నం పైడమ్మ టీ లేకుండా వచ్చింది. చేతిలో నోటీసు బోర్డు మీంచి తీసిన నివేదిక నకలు ఉంది.

"బాబూ, ఇందల నా పేరున్నాదంట. ఏటి రాసినారో సదవండి."

త్రినాథరావు చదివాడు.  చదవడం అయ్యాక ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బావుణ్ణనుకున్నాడు.

"అయితే ఆ కిటికీ నాను తీసి ఒగ్గీనేదా?" అంది పైడమ్మ.

"లేదు పైడమ్మా. నేనే."

"నిజివేనా బాబూ?"

"అదేమిటి, నువ్వు తెరవలేదని నీకు తెలీదా?"

"తీసినట్టు గుర్తునేదు. కానీ మీరు రాసినారు గదా. సదువుకున్నోరు ఊరికే రాస్తారా? నానే తీసి మర్సిపోనాననుకున్నాను. ఆ తడిసిపోయిన కాయితాల్లో దేవుడి మాన్యాల కాయితాలున్నాయన్నారు. దేవుడి కాయితాలు తడిపీసినానని పదకొండేళ్లు ప్రెతి శనోరం గుడి సుట్టూ తిరిగినాను. పాపిని, పాపినని ఆచార్లుగోరు సెప్పినట్టల్లా సెప్పినాను. అందరూ నోటితో అంటారు బాబూ. నాను నిజంగా అన్నాను. మా ఇంటాయన పోయినప్పుడు కూడా ఆ పాపవే కొట్టిందనుకున్నాను."

ఆమె గొంతులో కోపం లేదు. పోగొట్టుకున్న వస్తువు ఎక్కడ పడిందో గుర్తుచేసుకుంటున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "ఇప్పుడా శనోరాలన్నీ ఏటవుతాయి బాబూ?"

త్రినాథరావు నోరు తెరిచాడు. కాళ్ల మీద పడదామనుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు అతనికంటే ముందు పలికింది.

"ఒక దరఖాస్తు పెట్టుకో పైడమ్మా."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తెలిసేసరికి అతనికి చచ్చిపోవాలనిపించింది. పైడమ్మ మాత్రం అలాగేనని తలూపి, స్టూలు లాక్కుని ఎర్రతాడుకి ఇవతల కూర్చుంది.

"నాకు రాత రాదు గదా. మీరే రాసీయండి బాబూ. మీ రాత నమ్మినట్టు నాను ఇంకేటీ నమ్మలేదు."

త్రినాథరావు తెల్లకాగితం తీసుకుని కలం తెరిచాడు. ఆఫీసు కట్టేసే వేళకి దాని మీద తేదీ ఒక్కటే ఉంది. పైడమ్మ అప్పటికీ అక్కడే కూర్చుని ఉంది.